ఊరు విడవని సన్నాయి

(నాదస్వర, డోలు విద్వాంసుల సన్మాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న నాదస్వర, డోలు విద్వాంసులకు, ఇన్నేళ్లూ వారి వెనక నిలబడి శ్రుతి పట్టి తాళం వేసిన సహకార కళాకారులకు, వారి కుటుంబాలకు, సభకు వచ్చిన పెద్దలందరికీ నమస్కారం.

నేను వయొలిన్ పాఠాలు చెప్పి బతికినవాడిని. నాదస్వరం నా వాద్యం కాదు. కానీ ఒక రాగంలో ఎంతసేపు నిలవవచ్చో, ఎక్కడ ఆగితే ఆ రాగం మరింత తెరుచుకుంటుందో నాకు తెలిసింది సన్నాయి విన్న తర్వాతే. స్వరస్థానాలు తరగతి గదిలో నేర్చుకోవచ్చు. ఒక స్వరం మీద నుంచి ఇంకో స్వరం మీదికి జారే ఆ నడక మాత్రం ఉత్సవ విగ్రహం ముందు వాయిస్తూ సాగే మేళం వెంట నడిస్తేనే వంటబడుతుంది. మా తరం వయొలిన్ వాళ్లు, గాత్రం వాళ్లు చాలామంది ఈ మాట ఒప్పుకుంటారు. అందుకే ఈ సభలో మాట్లాడమని అడగగానే సంతోషంగా వచ్చాను.

నిర్వాహకులు ఒక మంచి పని చేశారు. సన్మానానికి పెద్ద బిరుదులు ఉన్నవారిని వెతకలేదు. ఈ చుట్టుపక్కల ఊళ్లలో నలభై యాభై ఏళ్లుగా గుళ్లలో, పెళ్లిళ్లలో, తిరునాళ్లలో వాయిస్తూ, జిల్లా దాటితే పేరు తెలియని వారిని వెతికి తీసుకువచ్చారు. నేను చెప్పదలచింది వీరి గురించే. అయితే వీరు ఏం చేశారో తెలియాలంటే, ముందు ఇక్కడి నుంచి వెళ్లిపోయిన ఒక మహానుభావుడి గురించి చెప్పాలి.

ఒంగోలు దగ్గర కరవది అనే ఊరుంది. 1924లో అక్కడ ఒక నాదస్వర కుటుంబంలో షేక్ చిన మౌలానా పుట్టారు. ఆ ఇంట్లో తరతరాలుగా సన్నాయే వృత్తి. వారు ముస్లింలు, వాయించేది గుడిలో. ఇది చెబితే బయటివాళ్లు ఆశ్చర్యపోతారు. పల్నాడు, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో పుట్టిపెరిగినవారికి ఇందులో వింత ఏమీ లేదు. కల్యాణోత్సవంలో రాముడి ముందు మేళం వాయించేది ఫలానా సాహెబు గారు అని ఊరంతటికీ తెలుసు. పొద్దున స్వామికి మేలుకొలుపు వాయించి వచ్చి, మధ్యాహ్నం నమాజు చేసుకునే ఇళ్లు ఇక్కడ ఎన్నో. ఎవరూ సభలు పెట్టి ప్రబోధిస్తే ఇది రాలేదు. పని అలా కలిపింది, సంగీతం అలా నిలిపింది.

చిన మౌలానా మొదట తండ్రి దగ్గర నేర్చుకున్నారు. ఆ తర్వాత ఇక్కడికి ఎంతో దూరం లేని చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబు గారి దగ్గర శిష్యరికం చేశారు. ఆదం సాహెబు పేరు ఈ ప్రాంతపు సన్నాయి ఇళ్లలో ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు. ఆపైన చిన మౌలానాను తంజావూరు బాణీ ఆకట్టుకుంది. ఆ బాణీ నాదస్వర విద్వాంసుడు టి.ఎన్. రాజరత్నం పిళ్లై రాగాలాపన విన్నవారు మామూలుగా ఉండలేకపోయేవారు. తోడి రాగాన్ని ఆయన వాయించాక ఇంకెవరు వాయించినా ఆయనతో పోల్చి చూసేవారు. ఆ దారి పట్టుకోవాలని మన కరవది కుర్రవాడు తమిళనాడులోని నాచ్చియార్‌కోవిల్ వెళ్లి, నాదస్వర విద్వాంసులు రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడిగా కూర్చున్నారు. అప్పటికే చేతిలో విద్య ఉన్నవాడు అది పక్కనపెట్టి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడం ఎంత కష్టమో సంగీతం చెప్పేవారికి తెలుసు. చేతివేళ్లు పాత అలవాటు వదలవు. ఆయన వదిలించుకున్నారు.

1960లలో ఆయన శ్రీరంగంలో స్థిరపడ్డారు. రంగనాథుడి సన్నిధి, వినే జనం, పిలిచే సభలు అక్కడ ఉన్నాయి. అక్కడే శారదా నాదస్వర సంగీతాశ్రమం పెట్టి శిష్యుల్ని తయారుచేశారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్భై నాలుగేళ్లు. మరుసటి సంవత్సరం ఏప్రిల్ 13న కన్నుమూశారు.

ఈ చివరి రెండు వాక్యాలను కొంచెం ఆగి ఆలోచించండి. కర్ణాటక సంగీతంలో అత్యున్నతమైనదని చెప్పుకునే గౌరవం ఆయన దగ్గరికి వచ్చాక, దాన్ని అనుభవించడానికి ఆయనకు కొద్ది నెలలే మిగిలాయి. ఆయన లోకమంతా తిరిగి, దేశమంతా పేరు తెచ్చుకున్న తర్వాతి సంగతి ఇది. ఇక పేరు రానివారి సంగతి ఏమిటి?

దీని పక్కన ఇంకో జీవితం పెట్టి చూద్దాం. 1919లో విజయనగరంలో మహారాజావారు సంగీత కళాశాల పెట్టారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి అధ్యక్షులు. అక్కడికి ద్వారం వెంకటస్వామి నాయుడు అనే యువకుడు వచ్చాడు. 1893లో పుట్టినవాడు, అంటే అప్పటికి పాతికేళ్లు. చూపు సరిగా ఆనదు. విద్యార్థిగా చేరాలని వచ్చినవాణ్ణి, వాయిద్యం విని, ఏకంగా వయొలిన్ అధ్యాపకుడిగా నియమించారని మా వయొలిన్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1936లో అదే కళాశాలకు ఆయన అధ్యక్షులయ్యారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ వచ్చాయి. ద్వారం వారి వయొలిన్ మహత్తు గురించి చెప్పడానికి ఇది సందర్భం కాదు, మొదలుపెడితే నేను ఆపలేను. నేను చూపించాలనుకున్నది ఒక్కటే. పాతికేళ్ల వయసులో ఆయనకు జరిగిన సన్మానం ఉద్యోగం. నెల జీతం, కూర్చుని సాధన చేసుకోవడానికి ఒక గది, ఎదురుగా నేర్చుకునే పిల్లలు. విజయనగరంలో వయొలిన్ అంతగా వేళ్లూనుకోవడానికి కారణం అదే. ప్రతిభ ఉన్నవాడు ఊళ్లోనే ఉండిపోవడానికి ఆ ఊరు ఒక కారణం చూపించింది.

మన ప్రాంతం సన్నాయి వారికి అటువంటి కారణం చూపించలేకపోయింది. అందుకే వెళ్లగలిగినవారు వెళ్లారు. చిన మౌలానా వెళ్లారు. ఆయన శిష్య దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ కూడా మనవాళ్లే. వారూ అక్కడికే చేరి, 2020లో జంటగా పద్మశ్రీ అందుకున్నారు. ఆ పురస్కారాల జాబితాలో వారి పేర్ల పక్కన తమిళనాడు అని ఉంటుంది. తమిళనాడు వారిని ఆదరించింది, ఆ గౌరవం ఆ రాష్ట్రానిదే, అందులో తప్పేమీ లేదు. కాలీషాబీ గారి గురించి మరొక్క మాట. నాదస్వరం మగవాళ్ల ఊపిరికే లొంగుతుందని అనుకునే లోకంలో ఆమె ఆ వాద్యం చేతపట్టి, భర్త పక్కన సమానంగా కూర్చుని, దేశదేశాల్లో వాయించారు. ఈ సభలో కూర్చున్న ఆడపిల్లలు ఆ పేరు గుర్తుపెట్టుకోవాలి.

వెళ్లినవారి పేర్లు మనకు తెలుసు. ఉండిపోయినవారి మాట చెప్పడానికే నేను వచ్చాను.

ఉండిపోయినవారిలో ప్రతిభ తక్కువైనవారు మాత్రమే ఉన్నారని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. కొందరికి ముసలి తల్లిదండ్రులు ఉన్నారు. కొందరికి గుడి మాన్యం ఉంది, అది వదిలితే పోతుంది. కొందరికి ఊరంటే ఇష్టం, అంతే. ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం దగ్గర గోసవీడు వారైన షేక్ హసన్ సాహెబు భద్రాచల రామయ్య సన్నిధిలో ఆస్థాన విద్వాంసుడిగా దశాబ్దాలు వాయించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. అప్పటికి ఆయన లేరు. భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణం చూసిన లక్షల మంది ఆయన నాదస్వరం విన్నారు. ఎవరు వాయిస్తున్నారని అడిగినవారు ఎంతమంది ఉంటారు?

ఇది సన్నాయికి మాత్రమే పరిమితమైన కథ కాదు. నాగర్‌కర్నూలు జిల్లాలో పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడే దర్శనం మొగిలయ్య, నారాయణపేట జిల్లా దామరగిద్దలో బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప, ఇద్దరూ వెదురు, సొరకాయ బుర్రలు, తీగలతో చేసిన వాద్యాల మీద జీవితమంతా గడిపారు. మొగిలయ్యకు 2022లో, కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చేదాకా ఆ వాద్యాలు ఇంకా బతికి ఉన్నాయనే మన పట్టణాలకు తెలియదు. విజయవాడలో ఉండి తరాల శిష్యులకు పాఠం చెప్పిన వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారు 1926లో పుట్టారు. ఆయనకు పద్మశ్రీ వచ్చింది 2021లో. కొత్త రాగాలు, కొత్త తాళాలు కల్పించినవారాయన. తొంభై దాటిన మనిషికి పురస్కారం వస్తే చప్పట్లు కొడతాం, మంచిదే. ఆయన యాభయ్యేళ్ల వయసులో మనం ఏం చేస్తున్నామని కూడా మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. బుర్రకథ నాజర్ గారు గుంటూరు జిల్లా పొన్నెకల్లువారు. బొబ్బిలి యుద్ధం, పల్నాటి యుద్ధం ఆయన నోట వినడానికి జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు. 1986లో, అరవై ఆరేళ్ల వయసులో, ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. వీరందరూ అదృష్టవంతులే అనుకుందాం, చివరికైనా ఒకరు చూశారు.

ఇప్పుడు వేదిక మీద ఉన్నవారి విద్య గురించి కొంచెం వివరంగా మాట్లాడతాను. మనం రోజూ వింటూనే దాన్ని తెలుసుకోలేదని నాకు అనిపిస్తుంది.

వీణకు మెట్లు ఉంటాయి. వయొలిన్‌కు మెట్లు లేకపోయినా తీగ మీద వేలు ఎక్కడికి జరిపితే ఆ స్వరం పలుకుతుంది. నాదస్వరానికి వేళ్లు పెట్టే రంధ్రాలు ఏడు. ఆ ఏడింటితోనే పన్నెండు స్వరస్థానాలు, వాటి మధ్య ఉండే గమకాలు అన్నీ పలికించాలి. సగం రంధ్రం మూసి, పావు రంధ్రం మూసి, పెదవి బిగించి, సడలించి, ఊపిరి పెంచి, తగ్గించి సాధించవలసిన పని అది. నోట పట్టుకునే పీక వేలెడంత కూడా ఉండదు. అది ఎండిపోతే పలకదు, మరీ నానితే పలకదు. విద్వాంసుడి వాద్యానికి ఒక దారం వేలాడుతూ ఉంటుంది, చూశారా? దానికి మరో మూడు నాలుగు పీకలు, వాటిని సవరించే సూది కట్టి ఉంటాయి. కచేరీ మధ్యలో పీక మొరాయిస్తే, డోలు విద్వాంసుడు తని, అంటే ఒంటరిగా వాయించే డోలు, అందుకుని సభను పట్టుకుంటాడు, ఈలోపు ఈయన పీక మారుస్తాడు. వినేవారికి అక్కడేదో జరిగిందనే తెలియదు. ఏళ్ల తరబడి కలిసి వాయించినవారి మధ్యనే అది సాధ్యం.

డోలు సంగతి చెప్పాలంటే, అది పనస మొద్దు తొలిచి చేసిన బరువైన వాద్యం. ఒక వైపు పుల్లతో, రెండో వైపు గట్టి కప్పులు తొడిగిన వేళ్లతో వాయిస్తారు. ఊరేగింపులో ఆ బరువు భుజానికి తగిలించుకుని కిలోమీటర్ల కొద్దీ నడవాలి. పక్కన సన్నాయి కీర్తన అందుకోగానే సరిగ్గా ఎత్తుగడ మీద పడాలి. లయలో ఇంత లెక్క తెలిసినవారిని మనం వట్టి చప్పుడు చేసేవారిగా చూశాం.

పెళ్లి మేళం అంటే చాలామందికి ముహూర్తం వేళ మోగే గట్టిమేళమే గుర్తుంటుంది. అసలు విద్య దానికి ముందూ వెనకా ఉంది. ఎదురుకోళ్లకు ఒక నడక, స్నాతకానికి ఒకటి. పెళ్లికూతురు గౌరీపూజలో కూర్చున్నప్పుడు నెమ్మదైన రాగం. పురోహితుడు మంత్రం చెబుతుంటే సన్నాయి తగ్గాలి. ఆయన చెయ్యి పైకి లేచిన క్షణంలో ఏ సంగతి మధ్యలో ఉన్నా వదిలేసి గట్టిమేళం అందుకోవాలి. ఆ నిమిషంలో ఒక తుమ్ము గానీ, ఒక అశుభం మాట గానీ వధూవరుల చెవిన పడకూడదు. ఆ బాధ్యత మేళానిది. అక్షతలు వేయడం పూర్తయ్యేదాకా డోలు దిగకూడదు. దిగాక, వదిలిన రాగాన్ని వదిలిన చోటనే పట్టుకోవాలి. తలంబ్రాల దగ్గర హుషారు కావాలి. అప్పగింతల దగ్గర పిల్ల తల్లి కళ్లు తుడుచుకుంటుంటే ఏది వాయించాలో, ఎంత తగ్గించి వాయించాలో ఎవరూ చెప్పరు, ఆయనే చూసుకోవాలి. వయొలిన్ కచేరీలో మాకు ఇటువంటి పరీక్షలు లేవు. మొదలుపెట్టిన కీర్తన ముగిసేదాకా మమ్మల్ని ఎవరూ ఆపరు. పెళ్లిలో సన్నాయి విద్వాంసుణ్ణి ప్రతి పది నిమిషాలకూ ఆపుతారు, ఆయన ప్రతిసారీ రాగాన్ని నిలబెట్టుకుంటాడు.

ఈ విద్యకు శరీరం చెల్లించే ధర కూడా ఉంది. వయొలిన్ వాళ్లం ఎనభై ఏళ్లొచ్చినా కమాను పట్టగలం. నాదస్వరం అలా కాదు. ముందు పళ్లు కదిలితే పీక పట్టు తప్పుతుంది. ఊపిరితిత్తులు అలిసిపోతే తారస్థాయి అందదు. చేతిలో విద్య పరిపాకానికి వచ్చే వయసు, నోటిలో పళ్లు కదిలే వయసు ఒకటే. డోలు విద్వాంసులకు చెవులు దెబ్బతింటాయి, భుజం అరిగిపోతుంది. వేదిక మీద ఉన్నవారిలో ఇద్దరు ముగ్గురు నేను మాట్లాడుతుంటే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటున్నారు. అది చూస్తూ మామూలుగా మాట్లాడటం నాకు కష్టంగానే ఉంది.

ఇక రాబడి. ముహూర్తాలు ఉన్న నెలల్లోనే పని. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, భాద్రపదంలో లేవు, పుష్యంలో లేవు. గురు మూఢమో శుక్ర మూఢమో వస్తే మంచి నెలలు కూడా పోతాయి. ఉన్న కొద్ది రోజుల్లో ఒకే రోజు నాలుగైదు బయానాలు వస్తాయి, ఒకటే ఒప్పుకోగలరు. 2020 వసంతంలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఏం జరిగిందో గుర్తుందా? భద్రాచలంలో రాముడి కల్యాణమే భక్తులు లేకుండా చేశారు. మన ఇళ్ల పెళ్లిళ్లు ఆగిపోయాయి, కొన్ని పదిమందితో జరిగాయి. ఏడాదికి సరిపడా సంపాదించుకోవలసిన నెలలు అవి. ఆ ఏడాది ఎందరు డోలు గూట్లో పెట్టి వేరే పనికి వెళ్లారో, వెళ్లినవారిలో ఎందరు తిరిగి రాలేదో ఈ కుటుంబాలను అడగండి, చెబుతారు.

అసలు బాధ డబ్బు ఒక్కటే అయితే నేను ఇంత దూరం మాట్లాడేవాడిని కాదు. మనం ఈ వాద్యాన్ని మంగళవాద్యం అని తల మీద పెట్టుకున్నాం. వాయించేవారిని మాత్రం పందిరి చివర, చెప్పులు విడిచే చోట కూర్చోబెట్టాం. నాయీబ్రాహ్మణ కుటుంబాలవారు, దూదేకుల కుటుంబాలవారు, ఇతర ముస్లిం కుటుంబాలవారు ఈ విద్యను మోశారు. ఆ కులాల పట్ల మనకున్న చిన్నచూపు వారి చేతిలోని వాద్యం మీద కూడా పడింది. పంక్తిలో వారిని చివరికి నిలబెట్టిన ఇళ్లు నేను చూశాను. త్యాగరాజ కీర్తనను నాబోటివాడు వేదికెక్కి వాయిస్తే విద్వాంసుడన్నారు, అదే కీర్తనను అంతకంటే గొప్పగా పందిట్లో వాయించినవాణ్ణి మేళంవాడన్నారు. ఇవాళ ఆయన్ను వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టాం. రేపు మన ఇంటి పెళ్లిలో ఎక్కడ కూర్చోబెడతామన్నదే నాకు ముఖ్యం.

ఇప్పుడు పెళ్లిళ్లలో ఇంకో పద్ధతి వచ్చింది. మేళం మాట్లాడుకుంటారు, వారి పక్కనే పెద్ద పెట్టెలు పెట్టి సినిమా పాటలు వేస్తారు. సన్నాయి వినపడదు. ఫోటోలో మాత్రం కనపడాలి. పెళ్లి వీడియో ఇంకా విచారకరం. కెమెరా వారు చిత్రాన్ని ఉంచి శబ్దాన్ని తీసేస్తారు, దాని మీద సినిమా పాట పెడతారు. తెలుగు దేశంలో వీడియో వచ్చిన నాటి నుంచి ఎన్ని వేల పెళ్లిళ్లు చిత్రీకరించారో లెక్క లేదు. ప్రతి పెళ్లిలో మేళం ఉంది. ఆ వీడియోల్లో విద్వాంసుల బుగ్గలు ఉబ్బడం కనపడుతుంది, వేళ్లు కదలడం కనపడుతుంది, వారు వాయించింది వినపడదు. చిన మౌలానా నాదం మనకు క్యాసెట్లలో, రేడియోలో మిగిలింది. ఈ ఊళ్లో ఉన్నవారి నాదం రికార్డయింది కూడా, మనమే చెరిపేశాం. నాకు ఇది చాలా పెద్ద నష్టంగా తోస్తుంది.

కాబట్టి పెళ్లి చేయబోయే ఇళ్లవారిని నేను అడిగేది ఇది. వీడియో తీసేవారితో ముందుగానే చెప్పండి, మేళం వాయించిన శబ్దం అలాగే ఒక అరగంట ఉంచమనండి. దానికి అదనంగా ఖర్చేమీ కాదు. ముహూర్తానికి ముందు ఒక్క పావుగంట పెట్టెలు ఆపేసి, బంధువుల్ని కూర్చోమని, విద్వాంసుణ్ణి ఒక రాగం ఆలాపన చేయమని అడగండి. అడిగేవారు లేక చాలామంది ఆలాపన మానేశారు, సినిమా పాట వాయిస్తేనే చదివింపులు వస్తున్నాయని ఆ దారి పట్టారు. వారిని తప్పుపట్టే అర్హత మనకు లేదు. అడిగి చూడండి, చేతిలో ఏముందో అప్పుడు బయటపడుతుంది. శుభలేఖలో వంటవారి పేరు, అలంకరణవారి పేరు అచ్చువేస్తున్నారు. నాదస్వరం ఫలానావారు, డోలు ఫలానావారు, ఊరు ఫలానా అని ఒక్క పంక్తి వేయించండి. అది ఆ కుటుంబం దాచుకునే కాగితం అవుతుంది.

దేవాలయాల పాలకవర్గాల పెద్దలు కూడా ఇక్కడ ఉన్నారు, వారికీ ఒక మనవి. తిరుమల తిరుపతి దేవస్థానం నాదస్వరం, డోలు నేర్పే పాఠశాల నడుపుతోంది. అక్కడ చదివి వచ్చిన పిల్లలు ఉన్నారు. వారికి కావలసింది కొలువు. మీ గుడిలో సన్నాయి పోస్టు ఖాళీగా ఉంటే, దాన్ని నింపండి. కరెంటుతో మోగే నగారా, గంటల యంత్రం తెచ్చి పెట్టి అక్కడితో సరిపెట్టుకోకండి. యంత్రం శిష్యుణ్ణి తయారుచేయదు. ద్వారం వారికి పాతికేళ్ల వయసులో దొరికిన గౌరవం వంటిది మన గుళ్లు ఒక్కొక్కటీ ఒక్కొక్క కుర్రవాడికి ఇవ్వగలవు. తెల్లవారుజామున భూపాలం, రాత్రి పవళింపు సేవకు నీలాంబరి, ఈ రెండూ రోజూ వాయించే అవకాశం దొరికితే చాలు, పదేళ్లలో ఆ కుర్రవాడు విద్వాంసుడవుతాడు. రోజూ వాయించడాన్ని మించిన పాఠశాల ఈ వాద్యానికి లేదు.

సంగీత కళాశాలల్లో చెబుతున్న నా శిష్యులకు, మిత్రులకు కూడా చెబుతున్నాను. ఈ పెద్దల దగ్గరికి వెళ్లి కూర్చోండి. పుస్తకాల్లో లేని పల్లవులు, వాళ్ల తాతలు ఉత్సవాల కోసం కట్టుకున్న జతులు, ఏ వాహనం ముందు ఏ రాగం అన్న సంప్రదాయం వీరికి నోటికి ఉన్నాయి. స్వరపరిచి రాసుకోండి, రికార్డు చేయండి. వాయించలేని స్థితికి వచ్చినవారు పాడి వినిపించగలరు. పాడలేనివారు చేత్తో తాళం వేసి చెప్పగలరు. వెళ్లేటప్పుడు చేతిలో సంభావన పెట్టుకుని వెళ్లండి. విద్య చెప్పించుకుని ఉత్త చేతులతో నమస్కారం పెట్టి రావడం మర్యాద కాదు.

ఈ పెద్దల ఇళ్లలోని ఆడవారి గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. రాత్రి రెండు గంటలకు బయలుదేరే మేళానికి అన్నం మూటకట్టి ఇచ్చింది వారే. ముహూర్తాలు లేని నెలల్లో ఇల్లు నడిపింది వారే. రెల్లు పీకలు నానబెట్టి ఆరబెట్టి సిద్ధం చేసిన ఇల్లాళ్లు కూడా ఉన్నారు. ఏ సన్మానపత్రంలోనూ వారి పేరు ఉండదు. ఈరోజు నిర్వాహకులు ఆ తల్లుల్ని కూడా వేదిక మీదికి పిలుస్తామన్నారు, నాకు చాలా సంతోషం కలిగింది.

నేను నిర్వాహకులను ఒక కోరిక కోరాను, వారు ఒప్పుకున్నారు. సాధారణంగా సన్మాన సభల్లో ముందు ఉపన్యాసాలు, తర్వాత శాలువాలు, ఫోటోలు, ఆ తర్వాత జనం లేచి వెళ్లిపోతుంటే ఖాళీ కుర్చీల ముందు కచేరీ. ఇవాళ అలా కాదు. నా తర్వాత ఇక ఉపన్యాసాలు లేవు. ముందు కచేరీ, అందులో తోడి రాగం విస్తారంగా, ఆపమని ఎవరూ చెప్పరు. అది పూర్తయ్యాకే శాలువాలు. కచేరీ మొత్తం రికార్డు చేస్తున్నారు, ప్రతి విద్వాంసుడి ఇంటికీ ఒక ప్రతి ఇస్తారు.

సభ గుమ్మం దగ్గర బల్ల మీద ఒక దళసరి పుస్తకం పెట్టించాను. వెళ్లేటప్పుడు అందులో మీ పెళ్లికి, మీ అమ్మానాన్నల పెళ్లికి, మీ ఊరి తిరునాళ్లకు ఎవరు వాయించారో రాయండి. పేరు, ఊరు, సుమారుగా ఏ సంవత్సరమో చాలు. గుర్తులేకపోతే ఈ రాత్రే ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, రేపు ఫోను చేసి చెప్పినా మా వాళ్లు రాసుకుంటారు. ఇక్కడున్న పెద్దలు తమ గురువుల పేర్లు, ఆ గురువుల గురువుల పేర్లు ఇప్పటికే మొదటి పేజీల్లో రాయించారు. పుస్తకం నిండితే ఇంకోటి తెప్పిస్తాం.

శ్రుతి సరిచూసుకున్నట్టున్నారు. దయచేసి ఎవరూ లేవకండి. అయ్యా, మొదలుపెట్టండి.